అంకెల మగ్గం

నెల్లూరు జిల్లాలో కావలికి దక్షిణంగా, సముద్రతీరానికి చేరువలో బోగోలు ఉంది. ఆ ఊరిని ఆనుకొని బిట్రగుంట రైల్వే స్టేషన్. ఒకప్పుడు అక్కడ ఆవిరి ఇంజన్ల పెద్ద షెడ్డు ఉండేది. బొగ్గు, నీరు, నిప్పు – ఈ మూడింటితో కదిలే నల్లని యంత్రాల కూత వింటూ బోగోలులో కొన్ని తరాలు పెరిగాయి. ఆ ఇంజన్ల కాలం గతించింది. నేడు అదే ఊరిలో ఒక విద్యార్థిని, సంక్రాంతికి ముంగిట వేసే చుక్కల ముగ్గును కంప్యూటర్ తెరమీద వేయదలచిందనుకుందాం. చూసేవారు తెరను వేలితో తాకితే చుక్కలు విచ్చుకోవాలి. చప్పట్లు చరిస్తే రంగులు మారాలి. ఇందుకు ఆమె రెండు పనులు చేయవలసి ఉంటుంది. చుక్కలు, గీతలు, రంగులు, ధ్వనులు సమకూర్చుకోవడం మొదటిది. ఏది జరిగినప్పుడు ఏది కదలాలో, ఎన్నిసార్లు కదలాలో, ఎప్పుడు ఆగాలో ఒక్క మెట్టు కూడా విడువకుండా యంత్రానికి ఆదేశాలుగా రాయడం రెండవది. ఆ ఆదేశాల వరుసనే ప్రోగ్రామ్ అంటున్నాం, వాడుకలో కోడ్ అంటున్నాం.

లెక్కలు చేయడానికి పుట్టిన యంత్రానికి ఇటువంటి పనులు అప్పగించవచ్చునన్న ఆలోచన కంప్యూటర్లు వచ్చిన తరువాత పుట్టినది కాదు. ఇళ్ళలో విద్యుద్దీపమైనా వెలగని రోజులలో, ఇంకా తయారు కాని ఒక యంత్రాన్ని మనసులో నిలుపుకొని, ఆ మాటను స్పష్టంగా రాసి అచ్చు వేయించిన స్త్రీ ఒకరున్నారు. ఆమె పేరు అడా లవ్‌లేస్. ఆమె ఊహించిన యంత్రం కూడా బిట్రగుంట ఇంజన్ల వలెనే ఆవిరితో నడవవలసినదే.

అడా 1815 డిసెంబరు 10న లండన్ నగరంలో జన్మించింది. తండ్రి లార్డ్ బైరన్, ఐరోపా అంతటా పేరు మోగిన ఆంగ్లకవి. తల్లి అన్నాబెల్లా మిల్‌బాంక్, గణితంలో అభిరుచి, నడవడిలో కట్టుబాటు గల సంపన్న కుటుంబ స్త్రీ. వారి దాంపత్యం ఒక్క ఏడాదికి మించి నిలువలేదు. బిడ్డకు అయిదు వారాల వయసులో తల్లి ఆమెను ఎత్తుకొని పుట్టింటికి వెళ్ళిపోయింది. 1816 ఏప్రిల్‌లో బైరన్ ఇంగ్లండు విడిచాడు. మరల స్వదేశానికి రాలేదు, బిడ్డను చూడలేదు. 1824లో, గ్రీకుల స్వాతంత్ర్య పోరాటానికి తోడ్పడబోయి, అక్కడే జ్వరంతో కన్నుమూశాడు. అప్పటికి అడా వయసు ఎనిమిదేళ్ళు.

బైరన్ జీవితంలోని ఒక ఘట్టాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. 1812 ఫిబ్రవరిలో ప్రభువుల సభలో ఆయన చేసిన తొలి ప్రసంగం నేతపనివారి పక్షాన సాగింది. నాటింగ్‌హామ్ ప్రాంతంలో మేజోళ్ళు అల్లే కార్మికులు, కొత్త మరలు తమ నోటి దగ్గర కూడు తీస్తున్నాయని వాటిని పగలగొట్టారు. అటువంటివారికి మరణశిక్ష విధించే చట్టం సభ ముందుకు వచ్చినప్పుడు బైరన్ దానిని ఎదిరించాడు. మరలను విరిచినవారి కోసం తండ్రి మాట్లాడాడు. మగ్గం మీద యంత్రం నేసిన పువ్వులో కూతురు ఒక కొత్త విద్యను చూసింది. ఇద్దరిలో ఎవరు సరి అన్నది తేల్చవలసిన ప్రశ్న కాదనుకుంటాను. యంత్రం కూడు తీస్తుందన్నదీ నిజమే, కొత్త కన్ను ఇస్తుందన్నదీ నిజమే.

తండ్రి ఆవేశం, చాపల్యం, కవితావ్యామోహం కూతురికి సంక్రమిస్తాయేమోనని తల్లికి తీరని భయం. ఊహలకు కళ్ళెం వేయగలిగినది గణితమొక్కటేనని ఆమె నమ్మకం. అందుచేత చిన్ననాటి నుంచే ఉపాధ్యాయులను ఇంటికి రప్పించి అంకగణితం, రేఖాగణితం, ఫ్రెంచి భాష, సంగీతం కట్టుదిట్టంగా చెప్పించింది. తండ్రి చిత్రపటాన్ని మాత్రం పెద్దదయ్యేవరకు ఆమె కంట పడనీయలేదు. ఈ తల్లిని కఠినురాలని నిందించడం సులభం. కాని ఆనాడు ఇంగ్లండులో ఏ విశ్వవిద్యాలయమూ స్త్రీలకు తలుపు తెరవలేదు. గొప్ప ఇళ్ళ ఆడపిల్లలకు కుట్టుపని, పియానో, నాట్యం చాలుననుకునేవారు. తల్లి భయమే లేకపోతే అడాకు గణితం దక్కి ఉండేది కాదు.

అయితే ఊహలు అణగలేదు. పన్నెండేళ్ళ వయసులో ఆ బాలికకు ఎగరాలన్న కోరిక పుట్టింది. కోరికతో ఆగలేదు. పక్షుల శరీరాలను పరిశీలించి, దేహానికి ఎంత రెక్క ఉండాలో లెక్కలు వేసింది. రెక్కలను కాగితంతో చేయాలా, పట్టుతో చేయాలా, తీగలతో కట్టాలా అని ఆలోచించింది. కడుపులో ఆవిరి యంత్రం, వీపున రెక్కలు గల గుర్రాన్ని తయారుచేసి దానిపై ఆకాశయానం చేయాలని పథకం వేసి తల్లికి లేఖలు రాసింది. చదువు పాడవుతున్నదని తల్లి మందలించింది. మరుసటి ఏడాది, 1829లో, అమ్మవారు పోసినట్లు ఒళ్ళంతా తట్టు లేచి, ఆ జబ్బు తగ్గిన తరువాత కాళ్ళు పట్టుతప్పాయి. ఎగరాలనుకున్న పిల్ల నెలల తరబడి మంచానికి అతుక్కుపోయింది. చాలాకాలం ఊతకర్రలతో నడిచింది. ఆ దినాలలోనూ చదువు సాగుతూనే ఉంది.

1833 జూన్‌లో, తన పదిహేడవ ఏట, లండన్‌లో జరిగిన ఒక విందులో అడా చార్లెస్ బాబేజ్‌ను కలుసుకొన్నది. ఆయన అప్పటికి నలభై దాటిన గణితశాస్త్రవేత్త. భార్యను పోగొట్టుకొన్నవాడు, సరసుడు, ముక్కోపి. ఆ కాలంలో నావికులు, ఖగోళశాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు అచ్చువేసిన లెక్కల పట్టికల మీద ఆధారపడేవారు. ఆ పట్టికలను మనుషులు చేత్తో కట్టేవారు కనుక తప్పులు దొర్లేవి. ఒక అంకె తప్పితే ఓడ దారి తప్పవచ్చు. తప్పులు లేని పట్టికలను తానే లెక్కించి తానే అచ్చువేసే యంత్రాన్ని నిర్మించాలని బాబేజ్ పూనుకొన్నాడు. దాని పేరు డిఫరెన్స్ ఇంజన్. ప్రభుత్వం ధనసహాయం చేసింది. పనివానితో తగాదా వచ్చి నిర్మాణం ఆగిపోయింది. అయితే యంత్రంలో ఏడవవంతు భాగం మాత్రం 1832 నాటికి పూర్తయి బాబేజ్ ఇంట నిలిచి ఉండేది.

పరిచయమైన రెండు వారాలలోపే తల్లీకూతుళ్ళు ఆ ఇత్తడి యంత్రాన్ని చూడబోయారు. పిడి తిప్పితే పళ్ళచక్రాలు ఒకదానినొకటి నెట్టుకొంటూ అంకెలు మారుతున్నాయి. చాలామంది దానిని వింతబొమ్మగా చూసి వెళ్ళేవారు. అడా మాత్రం అది ఎలా పనిచేస్తున్నదో అడిగి తెలుసుకొన్నది, తరువాత పటాలు తెప్పించుకొని అధ్యయనం చేసింది.

బాబేజ్ ఇంట మరొక యంత్రం కూడా ఉండేది. అది వెండి నర్తకి. ఒక అడుగు ఎత్తు బొమ్మ. కీలు తిప్పితే వయ్యారంగా అడుగులు వేసేది. ఆమె వేలిపై కూర్చున్న పక్షి తోక ఊపి, రెక్కలు కొట్టి, ముక్కు తెరిచేది. బాల్యంలో తాను ముచ్చటపడిన ఆ బొమ్మను బాబేజ్ పెద్దయిన తరువాత వేలంలో కొని, స్వయంగా బాగుచేసి, బట్టలు కట్టి ప్రదర్శించాడు. అతిథులు నర్తకి చుట్టూ మూగేవారు, పక్క గదిలోని లెక్కల యంత్రం వద్ద ఒకరిద్దరు ఉండేవారు. దీనికి ఆయన నొచ్చుకొనేవాడు. వెండి నర్తకి ఎంత అందంగా ఆడినా ఆ ఒక్క ఆటే ఆడగలదు, దాని ఆట దాని కీళ్ళలోనే బిగించి ఉంది. లెక్కల యంత్రానికి అందం తెలియదు. ఆ ఇంట రెండు గదులలో విడివిడిగా ఉన్న ఈ రెండు శక్తులూ ఒక్కచోట చేరగలవని తోచిన అతిథి అడా ఒక్కతే.

ఆ తోచడానికి ఒక మగ్గం కారణమైంది. 1834 వేసవిలో ఆమె తల్లితో కలిసి ఇంగ్లండులోని కర్మాగారాలను చూడబోయింది. పట్టుపట్టీలు నేసే ఒక కర్మాగారంలో అట్టలతో నడిచే మగ్గాలున్నాయి. తల్లి ఆ అట్ట బొమ్మను కాగితంపై గీసుకొన్నది కూడా. మన వెంకటగిరిలో, మంగళగిరిలో, పోచంపల్లిలో నేతను చూసినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. చీర అంచున హంసనో, మామిడిపిందెనో నేయాలంటే ప్రతి పేక పోగుకూ పడుగులో ఏయే పోగులు పైకి లేవాలో, ఏవి కింద ఉండాలో నిర్ణయించాలి. పాత పద్ధతిలో ఆ పోగులను జాల కట్టి, పక్కన ఒక మనిషి నిలిచి లాగవలసి వచ్చేది. ఫ్రాన్సులోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మేరీ జకార్డు 1804 ప్రాంతంలో ఆ పనిని అట్టలకు అప్పగించాడు. అట్టలో రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక పేకకు ఒక అట్ట. అట్టలన్నీ దండగా కుట్టి మగ్గంపై వేలాడదీస్తే బొమ్మ దానంతట అదే నేయబడుతుంది. దండ మారిస్తే బొమ్మ మారుతుంది, మగ్గం మారదు. నేటికీ మన నేతన్నల నోట ఆ ఫ్రెంచివాని పేరు జకార్డు మగ్గమని నిలిచి ఉంది.

బాబేజ్ వద్ద పట్టుపై నేసిన జకార్డు చిత్రపటం ఒకటి ఉండేది. 1839లో లియోన్‌లో నేసిన ఆ పటానికి సుమారు 24,000 అట్టలు పట్టాయి. గీతలు ఎంత సన్నగా ఉండేవంటే, చూసినవారు రాగిరేకుపై చెక్కి అచ్చువేసిన బొమ్మ అనుకొనేవారు. రంధ్రం ఉన్నదా, లేదా అన్న రెండే రెండు సంకేతాలతో ఒక మనిషి ముఖం, కంటి చూపు, అంగీ మడతలు సాధ్యమయ్యాయన్నమాట. నేటి కంప్యూటర్ తెరమీది ప్రతి బొమ్మా సున్న, ఒకటి అనే రెండే సంకేతాలతో నడుస్తున్నదని మీరు చదివి ఉంటారు.

1835లో అడాకు విలియం కింగ్ అనే ప్రభువుతో వివాహమైంది. 1838లో ఆయనకు లవ్‌లేస్ ఎర్ల్ పదవి రావడంతో ఆమె లవ్‌లేస్ ప్రభ్వి అయింది. నాలుగేళ్ళలో ముగ్గురు బిడ్డలు. ఇల్లు, పిల్లలు, అతిథి మర్యాదలు, తరచు వేధించే అనారోగ్యం. వీటి నడుమ 1840లో ఆమె గణితాన్ని మళ్ళీ పట్టుకొని, అగస్టస్ డి మోర్గాన్ అనే ప్రసిద్ధ గణితాచార్యుని వద్ద ఉత్తరాల ద్వారా కలనగణితం నేర్చుకొన్నది. తనకు కవిత్వం ఇవ్వకపోయినా, కవిత్వం నిండిన శాస్త్రాన్నయినా ఇవ్వరాదా అని తల్లికి రాసిన అభాగ్య కుమార్తె ఆమె.

బాబేజ్ ఈలోగా మరింత పెద్ద యంత్రాన్ని తలపెట్టాడు. అది అనలిటికల్ ఇంజన్. డిఫరెన్స్ ఇంజన్ ఒకే తీరు లెక్క చేయగలదు. కొత్త యంత్రం ఏ లెక్క చెప్పినా చేయాలి. సంఖ్యలను దాచే భాగానికి ఆయన కొఠారు అని, లెక్క చేసే భాగానికి మర అని అర్థం వచ్చే పేర్లు పెట్టాడు. వరి పండించే నెల్లూరు సీమవారికి ఈ ఏర్పాటు విడమరచి చెప్పనక్కరలేదు. ధాన్యం కొఠారు నుంచి మరకు వెళుతుంది, మర ఆడించినది మళ్ళీ కొఠారుకు చేరుతుంది. దాదాపు వెయ్యి సంఖ్యలు దాచగల కొఠారును ఆయన సంకల్పించాడు. ఏ సంఖ్యను తీయాలి, కూడాలా, గుణించాలా, ఫలితాన్ని ఎక్కడ ఉంచాలి అన్న ఆదేశాలు ఎలా అందించాలి? అందుకు ఆయన జకార్డు అట్టలనే తెచ్చుకొన్నాడు. నేటి కంప్యూటర్ల అమరికకు ఇది ఆశ్చర్యకరమైన దగ్గరి పోలిక.

1840లో బాబేజ్ ఇటలీలోని ట్యూరిన్ నగరానికి వెళ్ళి ఈ యంత్రాన్ని వివరించాడు. విన్నవారిలో లూయీజీ మెనాబ్రియా అనే యువ ఇంజనీరు 1842లో దానిపై ఫ్రెంచిలో ఒక వ్యాసం ప్రకటించాడు. ఆయనే తరువాతి కాలంలో ఇటలీ ప్రధానమంత్రి అయ్యాడు. మిత్రుడు వీట్‌స్టన్ సూచనపై అడా ఆ వ్యాసాన్ని ఆంగ్లంలోకి అనువదించింది. ఇంతగా తెలిసిన విషయంపై సొంతంగా ఎందుకు రాయలేదని బాబేజ్ అడిగితే, ఆ ఆలోచనే తనకు కలగలేదని జవాబిచ్చింది. అప్పుడు ఆయన కనీసం వివరణలైనా చేర్చమన్నాడు.

1843 వేసవి అంతా ఆమె ఆ వివరణలతో గడిపింది. రోజుకొక ఉత్తరం, ఒక్కొక్కనాడు రెండు ఉత్తరాలు బాబేజ్‌కు వెళ్ళేవి. పటాలు పోయాయని కోపం, లెక్క కుదరలేదని ఆవేదన, కుదిరినప్పుడు చిన్నపిల్ల ఉత్సాహం – అన్నీ ఆ ఉత్తరాలలో కనిపిస్తాయి. ఆమె పెన్సిలుతో రాసిన పట్టికపై భర్త కూర్చొని సిరా దిద్దిన రోజు కూడా ఉంది. చివరికి ఏడు వివరణలు తయారయ్యాయి. మూలవ్యాసం కన్నా అవి రెండున్నర రెట్లకు పైగా పెరిగాయి. ఆ సంవత్సరమే లండన్‌లోని ఒక శాస్త్ర సంపుటంలో అచ్చయ్యాయి. రచయిత్రి పేరు లేదు, మూడు పొడి అక్షరాలు మాత్రమే ఉన్నాయి. అంతటి కుటుంబపు స్త్రీ పేరు అటువంటి వ్యాసం కింద పూర్తిగా ఉండడం ఆనాటి మర్యాద కాదు.

ఆ వివరణలలో అడా చెప్పిన ముఖ్యమైన మాట ఇది. యంత్రం అంకెలపై పనిచేస్తుంది, నిజమే. కాని అంకె ఎప్పుడూ ఏదో ఒక రాశినే సూచించనక్కరలేదు. ఏ వస్తువుల మధ్య సంబంధాలను మనం నియమాలుగా చెప్పగలమో, ఆ వస్తువులన్నిటికీ అంకె గుర్తుగా నిలువగలదు. ఉదాహరణకు ఆమె సంగీతాన్ని ఎత్తుకొన్నది. స్వరాల హెచ్చుతగ్గులకు, వాటి పొందికకు మధ్య ఉన్న నియమాలను యంత్రానికి అందే రూపంలో చెప్పగలిగితే, అది ఎంతటి జటిలమైన సంగీతరచననైనా కూర్చగలదని రాసింది. ఆమె స్వయంగా వీణను పోలిన హార్ప్ వాయించేది కనుక ఇది పొట్టకోసం తెచ్చిపెట్టుకొన్న ఉపమానం కాదు. జకార్డు మగ్గం పువ్వులనూ ఆకులనూ నేసినట్లే ఈ యంత్రం బీజగణితపు అల్లికలను నేస్తుందని కూడా ఆమె భావించింది. ఆ భావం చదివినవారికి ఆమె తండ్రి గుర్తురాక మానడు.

మన సంగీతం తెలిసినవారు ఇక్కడ మేళకర్తలను తలచుకోవచ్చు. షడ్జ పంచమాలు కదలకుండా, రెండు మధ్యమాలు, మిగిలిన స్వరాల భేదాలు ఒక క్రమంలో పేర్చుకొంటూ పోతే కచ్చితంగా 72 మేళాలు వస్తాయి. ఎవరి అభిరుచితోనూ పని లేదు, నియమమే వాటిని కంటుంది. బాబేజ్ యంత్రం ఆ పేర్పును అవలీలగా చేసి ఉండేది. అయితే ఆ మేళాలలో ఒకదానిని పట్టుకొని శ్రోతను కంటతడి పెట్టించే రాగాలాపన ఆ పట్టికలో ఉండదు. అడాకు ఈ హద్దు కూడా తెలుసు. యంత్రం దేనినీ తనంత తానుగా సృష్టించదని, ఎలా చేయాలో మనకు తెలిసి మనం ఆదేశించగలిగినదే అది చేస్తుందని ఆమె హెచ్చరించింది. యంత్రం శక్తిని ముందు అతిగా పొగిడి, తరువాత నిరాశతో అతిగా తీసివేసే అలవాటు జనానికి ఉన్నదని కూడా గమనించింది.

మాటలతో సరిపుచ్చక ఆమె ఒక నిదర్శనం చూపింది. స్విట్జర్లాండు గణితజ్ఞుడు జాకబ్ బెర్నూలీ పేరుతో ప్రసిద్ధమైన ఒక సంఖ్యల వరుస ఉంది. ఒక్కొక్క సంఖ్యను కనుగొనడానికి దానికి ముందున్నవన్నీ కావాలి, లెక్క క్రమంగా పెరుగుతుంది. ఈ సంఖ్యలను యంత్రం ఎలా గణించాలో ఏడవ వివరణలో 25 మెట్ల పట్టికగా వేసింది. ప్రతి మెట్టుకూ ఏ క్రియ చేయాలి, ఏ గడుల నుంచి సంఖ్యలు తీయాలి, ఫలితం ఏ గడిలో పడాలి, దానితో ఏ గడి విలువ మారుతుంది అన్నవన్నీ నిలువు వరుసలలో రాసింది. 13వ మెట్టు నుంచి 23వ మెట్టు వరకు గల భాగాన్ని మళ్ళీ మళ్ళీ తిరిగి చేయాలని సూచించింది. ఒకే అట్టల దండను వెనకకు తిప్పి తిరిగి వాడడమన్నమాట. ముగ్గులో ఒక మూల మెలికను నాలుగు దిక్కులా తిరిగి వేసే చేతికి ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. ఈనాడు ప్రోగ్రామ్ రాసేవారు దీనిని లూప్ అంటారు.

ఈ పట్టికను ప్రపంచంలో అచ్చయిన మొదటి కంప్యూటర్ ప్రోగ్రామ్‌గా చాలామంది పరిగణిస్తారు. ఇందులో ఆమె వాటా ఎంత అన్నదానిపై చరిత్రకారులలో వాదం ఉంది. అంతకు కొన్నేళ్ళ ముందే బాబేజ్ చిన్న చిన్న పట్టికలు రాసుకొన్నాడు, అవి అచ్చు కాలేదు. బెర్నూలీ సంఖ్యల బీజగణితాన్ని తానే చేసి ఇచ్చానని, తాను చేసిన ఒక పెద్ద తప్పును ఆమె పట్టుకొన్నదని ఆయన 1864లో ప్రకటించిన ఆత్మకథలో రాశాడు. కాబట్టి మొదటి ప్రోగ్రామ్ రచయిత్రి అన్న బిరుదుపై తగవు ఉండవచ్చు. సంగీతం మాటపై లేదు. అంకెలకు ఆవల ఉన్న ప్రపంచాన్ని యంత్రానికి అప్పగించవచ్చునని బాబేజ్ ఎక్కడా అంత తేటగా చెప్పలేదు. నా దృష్టిలో ఆమె కీర్తికి ఆ ఒక్క మాటే చాలు.

అచ్చు పూర్తి కావచ్చిన దశలో గురుశిష్యులకు మాటపట్టింపు వచ్చింది. యంత్రానికి డబ్బు ఆపివేసిన ప్రభుత్వాన్ని దుయ్యబడుతూ, పేరు లేకుండా ఒక ముందుమాటను తన వ్యాసానికి జోడించాలని బాబేజ్ కోరాడు. అడా కుదరదన్నది. పైగా యంత్ర నిర్మాణపు వ్యవహారాలను తనకు అప్పగించి, ఆయన సాంకేతిక పనికే పరిమితం కావాలని సుదీర్ఘమైన లేఖ రాసింది. ఆయన ఒప్పుకోలేదు. స్నేహం చెడలేదు గాని, యంత్రం కాగితాల మీదనే ఉండిపోయింది. ముక్కుసూటిగా డబ్బు అడిగి తెచ్చి, పదిమందితో పని చేయించగల నేర్పు బాబేజ్‌కు లేదు. అడాకు అప్పగించి ఉంటే ఏమయ్యేదో ఊహకే వదలాలి.

తరువాతి సంవత్సరాలు సుఖంగా గడవలేదు. నాడీమండలానికీ గణితసూత్రాలు కట్టాలని ఆశపడింది, అది సాగలేదు. గుర్రప్పందాల వ్యసనం పట్టుకొన్నది. వేల పౌండ్లు పోగొట్టుకొని, అత్తవారి వంశపు వజ్రాల నగలను భర్తకు తెలియకుండా తాకట్టు పెట్టింది. సంభావ్యతను లెక్కకట్టగలిగిన బుద్ధికి పందెం గెలవడం చేతకాలేదు. ఇంతలో గర్భాశయ క్యాన్సర్ బయటపడింది. నొప్పికి నల్లమందు వాడవలసి వచ్చింది. 1852 ఆగస్టులో నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఆమె కోరికపై వచ్చి, తన నవలలో ఒక పసివాడు మరణించే ఘట్టాన్ని మంచం పక్కన కూర్చొని చదివి వినిపించాడు. ఆ ఏడాది నవంబరు 27న ఆమె కన్నుమూసింది. వయసు 36 సంవత్సరాలు. తండ్రి మరణించినదీ ఆ వయసుననే. ఆమె కోరిక మేరకు నాటింగ్‌హామ్ సీమలోని హక్నల్ గ్రామ చర్చిలో, ఎన్నడూ కలిసి కూర్చొనని తండ్రి పక్కనే ఆమెను సమాధి చేశారు. బైరన్ తన తొలి ప్రసంగంలో ఎవరి పక్షాన నిలిచాడో ఆ మేజోళ్ళ నేతగాళ్ళ సీమ అదే.

ఆమె కుమార్తె ఆన్ బ్లంట్ అరబ్బు గుర్రాల పెంపకంలో, ఎడారి ప్రయాణాలలో పేరు గడించింది. 1883–84 శీతకాలంలో ఆమె భర్తతో కలిసి భారతదేశం తిరుగుతూ మద్రాసుకు, హైదరాబాదుకు కూడా వచ్చింది. అప్పటికి తల్లి వివరణలను ప్రపంచం దాదాపు మరచిపోయింది.

అవి మళ్ళీ వెలుగులోకి రావడానికి కంప్యూటర్లు పుట్టవలసి వచ్చింది. 1950లో అలన్ ట్యూరింగ్, యంత్రాలు ఆలోచించగలవా అన్న తన ప్రసిద్ధ వ్యాసంలో అడా హెచ్చరికకు ఆమె పేరుతోనే ఒక భాగం కేటాయించి, యంత్రాలు తనను తరచు ఆశ్చర్యపరుస్తూనే ఉన్నాయని బదులు చెప్పాడు. 1953లో ఆమె వివరణలు మరల అచ్చయ్యాయి. 1957లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ నియమాలతో కూర్చిన నాలుగు తంత్రీవాద్యాల రచన ఒకటి పూర్తయింది. 1965లో జర్మనీలోను, అమెరికాలోను కంప్యూటర్ గీసిన బొమ్మల ప్రదర్శనలు జరిగాయి. 1968లో లండన్‌లో, అడా పుట్టిన నగరంలోనే, కంప్యూటర్లకూ కళలకూ గల చుట్టరికాన్ని చూపే పెద్ద ప్రదర్శన ఏర్పడింది. అక్కడ ఎడ్వర్డ్ ఇహ్నాటోవిచ్ చేసిన ఒక లోహశిల్పం ఉండేది. పువ్వు వంటి తల, వెన్నెముక వంటి కాడ. చూడవచ్చినవారు మెల్లగా మాట్లాడితే అది వారివైపు తిరిగేది. వెండి నర్తకి వలె ఒకే ఆట ఆడలేదు. ఎదుటి మనిషి ఏమి చేస్తే దానిని బట్టి కదిలింది. బోగోలు విద్యార్థిని తెరమీది ముగ్గు ఆ కాడకు పూచిన కొమ్మే. 1979లో అమెరికా రక్షణశాఖ ఒక ప్రోగ్రామింగ్ భాషకు అడా అని పేరు పెట్టింది. దాని ప్రమాణ పత్రానికి ఆమె పుట్టిన 1815నే సంఖ్యగా ఇచ్చింది.

లండన్ సైన్స్ మ్యూజియంవారు బాబేజ్ గీసిన పటాల ప్రకారం రెండవ డిఫరెన్స్ ఇంజన్ లెక్కించే భాగాన్ని 1991లో నిర్మించి చూపారు. అది తప్పు లేకుండా పనిచేసింది. అనలిటికల్ ఇంజన్‌ను పూర్తిగా నిర్మించినవారు ఇంతవరకు లేరు. అడా వేసిన 25 మెట్ల పట్టికను మాత్రం ఔత్సాహికులు నేటి ప్రోగ్రామింగ్ భాషలలోకి మార్చి కంప్యూటర్లపై నడిపి చూశారు. అందులో నాలుగవ మెట్టు వద్ద భాగహారంలో పైన ఉండవలసినది కింద, కింద ఉండవలసినది పైన అచ్చయింది. అది ఆమె చేయి జారినదో, అచ్చువారి పొరపాటో తెలియదు. ఆ చోటు సరిదిద్దనిదే బెర్నూలీ సంఖ్య సరిగ్గా రాదు.